లేని ఆవు

ఆదివారం తొలి బస్సు, పర్లాకిమిడి నించి గుమ్మకి.
కండక్టరు అడిగాడు, "ఎవరింటికమ్మా?"
"కొండకి."
"కొండమీద ఎవరింటికి?"
చిల్లర వెతుక్కుంటున్నట్టు నటించాను.

పద్దెనిమిదేళ్ళుగా బ్యాంకులో క్యాష్ కౌంటరు నాది.
తడి స్పాంజికి అలవాటైన వేళ్ళు,
స్టూలుకి అలవాటైన నడుము.
హైమవతి అని పేరు మాత్రం ఘనంగా పెట్టారు,
కొండ కూతురని అర్థమట.
నలభై ఆరేళ్ళలో నేనెక్కిన ఎత్తల్లా
మా మేడమీది నీళ్ళ ట్యాంకు.

బూట్లు కొత్తవి, కరుస్తున్నాయి.
సంచీలో మూడు లీటర్ల నీళ్ళు, గొడుగు, టార్చి,
డజను అరటిపళ్ళు,
ఎందుకు తెచ్చానో, బీరువా తాళం.

జీడితోట దాటేసరికే గుండె
అప్పులవాడిలా తలుపు బాదింది.
అడ్డాకు తీగల కింద కూలబడి
బరువు తగ్గుతుందని మూడు పళ్ళు తిన్నాను.
సంచీలో తగ్గింది, నాలో చేరింది.

పైనించి ఒకామె దిగుతోంది.
తలమీద కొండచీపుళ్ళ మోపు, నోట్లో అడ్డపొగ చుట్ట,
ఉత్తి కాళ్ళు.
ఆమె అడుగు పడకముందే రాళ్ళు సర్దుకుని చోటిస్తున్నట్టున్నాయి.
ఆగి, నన్నూ నా బూట్లనీ గొడుగునీ చూసి,
చుట్ట తీసి అడిగింది,
"ఏటి పోయింది నీది?"

ఏం చెప్పను?
ఇక్కడ కొండెక్కే ప్రతి కాలికీ ఒక పనుంది.
పుల్లలకి, ఆకులకి, చోడిచేను కాపలాకి.
ఊరికే ఎక్కుతున్నానంటే,
పనిలేకుండా కౌంటరు ముందు నిలబడ్డవాణ్ణి
నేను చూసే చూపు చూస్తుందేమోనని
"ఆవు" అన్నాను.

"ఏ రంగు?"
"ఎర్రది. నుదుట తెల్లమచ్చ."
"కొమ్ములు?"
"ఒకటి వంకర."
అబద్ధానికి కొమ్ములు కూడా మొలిచాయి.
"గంట కట్టినావా?"
"కట్టాను." అప్పటికి నాకే నిజంలా వినిపించింది.

మోపు దించి, లోయలోకి ఒక కేక వేసింది.
అవతలి వాలు మీంచి ఇంకో కేక బదులొచ్చింది.
నా ఆవు అలా కొండకొండకీ పాకింది.

ఆ రోజు సగం కూడా ఎక్కలేదు.
ఒక బండమీద కూర్చుని పర్లాకిమిడి ఎటుందో వెతికాను.
మంచు.
దొరకనందుకు హాయిగా ఉంది.
ఏడింటినించి పదకొండు దాకా
ఎవరూ నన్ను "మేడమ్, తొందరగా" అనలేదు.

దిగేటప్పుడు మోకాళ్ళు ఒకదాన్నొకటి తిట్టుకున్నాయి.
సోమవారం కుంటుతుంటే మేనేజరు అడిగాడు.
మెట్టు జారిందన్నాను.
అది వారంలో రెండో అబద్ధం.

రెండో ఆదివారం గొడుగు మానేశాను.
మేకలు కాసే సుకురు ఎదురొచ్చి,
"మీదేనా ఆవు? ఊట కాడ పేడ కనిపించింది" అన్నాడు.
పిల్లవాడి మాట తీసెయ్యలేక ఊట దాకా ఎక్కాను.
పేడ ఉంది. నీళ్ళు చల్లగా ఉన్నాయి.
బూట్లు విప్పి పాదాలు చూసుకున్నాను,
ఎవరివో అన్నట్టు.

మూడో వారం ఒక ముసలాయన
ఆకు దొప్పలో అంబలి పోసిచ్చాడు.
"గొడ్డు పోతే మనిషి తిండి మానీకూడదమ్మా."
సిగ్గుతో మింగుడుపడలేదు.
ఆకలితో పడింది.

ఈ వారం నిజం చెప్పేద్దామనే వచ్చాను.
బస్సులో మాటలు పేర్చుకున్నాను:
గురుబారీ, నాకు ఆవు లేదు, ఎప్పుడూ లేదు,
మా వీధిలో పాలు ప్యాకెట్టువి.

నేను నోరు తెరిచేలోపు ఆమే అంది,
"రాత్రి పై వాలు ఎనక గంట ఇనిపించింది.
ఎర్రదే అయ్యుంటాది."

మొహంలోకి చూశాను.
అడ్డపొగ కదా, నిప్పు లోపలే ఉంటుంది.
నవ్వు కూడా లోపలే ఉందేమో.

పై వాలు దాకా నేనింకా వెళ్ళలేదు.
లేసు విప్పి మళ్ళీ బిగించాను.
సంచీలో ఈసారి ఒకటే సీసా.
మద్దిచెట్లు పలచబడ్డాయి, గాలి మొదలైంది,
నా ఊపిరి నాకు అడ్డమొస్తోందని
ఒక్క క్షణం బిగబట్టి
చెవులు రిక్కించాను.